మొనలో ముడి

వై² = ఎక్స్³. ఇంత పొట్టి సమీకరణంలో ఇంత లోకం ఇమిడి ఉండటం నాకు ఎప్పటికీ తీరని అబ్బురం. కాగితం మీద గీసి చూడండి. కుడివైపు నుంచి రెండు కొమ్మలు, పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి, ఒకదానివైపు ఒకటి వంగుతూ, వాలుతూ, నడుమనున్న ఎడాన్ని తరుక్కుంటూ వచ్చి, మూలబిందువు దగ్గర ఒకే స్పర్శరేఖ మీద సన్నని మొనగా ఒరిగిపోతాయి. 1657లో విలియం నీల్ అనే ఇంగ్లీషు యువకుడు ఈ వంపు పొడవును కచ్చితంగా లెక్కగట్టాడు. అందుకే దీన్ని ఆయన పేరుతోనూ పిలుస్తారు. పొడవు గొప్పతనం పొడవుది. నా మనసును లాగేది ఆ మొన. మిగతా వక్రమంతా ఎక్కడ ముట్టుకున్నా నున్నగా, తేటగా, ఒద్దికగా సాగుతుంది. ఆ ఒక్క చోట మాత్రం దానికి దిక్కు తోచదు. దాని రసమంతా ఆ ఒక్క చోటనే గూడు కట్టుకుంది!

వాస్తవ సంఖ్యల కంటితో చూసినంతకాలం ఆ మొన అందం మనకు సగం కూడా దక్కదు. టోపాలజీ చూపు వేరు. తెంపకుండా, అతకకుండా ఎంత సాగదీసినా, ఎంత వంచినా చెడని గుణాలనే అది లెక్కలోకి తీసుకుంటుంది. ఆ చూపుకు కాగితం మీది మొన ఒట్టి సరళరేఖే. రెండు కొమ్మలనూ పట్టుకుని మెల్లగా ఎడంగా లాగితే సాపైపోతుంది. పదును పోయింది, కథ కంచికి చేరింది అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఎక్స్‌నీ వైనీ సంకీర్ణ సంఖ్యలు కానివ్వండి. తలం కాస్తా నాలుగు పరిమాణాల్లోకి విచ్చుకుంటుంది. గీత కాస్తా ఒక పొరగా పరచుకుంటుంది. ఆ పొర మీది ప్రతి బిందువూ (టి², టి³) అనే రూపంలో దొరుకుతుంది. ఒక్కో టికి ఒక్కో బిందువు, ఒక్కో బిందువుకు ఒక్కటే టి. అంటే ఆ పొర కూడా, తనంతట తాను, ఒట్టి గుండ్రని బిళ్లే. దాని ఒంటి మీద ఎంత వెతికినా గాయం లేదు, మచ్చ లేదు. మరి మొన ఎటు పోయింది? ఆ పొర నాలుగు పరిమాణాల ఒడిలో ఒదిగి కూర్చున్న తీరులోకి పోయింది! అది తన దేహంలో దాచుకోని రహస్యాన్ని తన ఆసనంలో దాచుకుంది.

ఆ ఆసనాన్ని దగ్గరగా చూద్దాం, రండి. మూలబిందువు చుట్టూ చిన్న గోళం ఒకటి ఊహించండి. నాలుగు పరిమాణాల లోకం కనుక గోళం పైపొర మూడు పరిమాణాలది, మనం మసలే చోటులాంటిదే. వక్రం ఆ పొరను ఎక్కడ కోస్తుందో అక్కడ ఒక దారం మిగులుతుంది. ఆ దారం పొడవునా సున్నా నుంచి ఎక్స్ దూరమూ మారదు, వై దూరమూ మారదు. కోణాలు మాత్రమే తిరుగుతాయి. టి ఒక చుట్టు తిరిగేసరికి ఎక్స్ రెండు చుట్లు తిరుగుతుంది, వై మూడు చుట్లు తిరుగుతుంది. రెండు కోణాలూ కలిసి టోరస్ అనే గాజుచుట్టు ఆకారమవుతాయి. దాని మీద ఆ దారం ఒక దిక్కున రెండుసార్లు, మరో దిక్కున మూడుసార్లు చుట్టుకుని, తనను తాను ఎక్కడా తాకకుండా, బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. అలా కలిసిన దారాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే అది ట్రెఫాయిల్, మూడు రేకుల ముడి! ముళ్ల లోకంలో మొట్టమొదటి నిజమైన ముడి అదే. దాన్ని తెంపకుండా విప్పగలవాళ్లు లేరు.

గోళాన్ని కుదించండి. సగం చేయండి, నూరో వంతు చేయండి, కోటో వంతు చేయండి. దారం చిన్నదవుతుంది, సన్నబడుతుంది, ముడి మాత్రం ఇసుమంతైనా సడలదు. పొడవు, వెడల్పు, మందం ఏమీ లేని బిందువును ఎంత దగ్గరగా చుట్టుముట్టినా మూడు రేకులూ అలాగే, ఆ అల్లిక అలాగే, ఆ పట్టు అలాగే! శూన్యమంత చోటులో ఇంత కట్టు ఎలా ఇమిడిందో తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అచరం అనే మాటను పాఠ్యపుస్తకాలు పొడిపొడిగా వాడుకుంటాయి గాని, ఈ ఒక్క దృశ్యం చూశాక ఆ మాట నాకు మంత్రంలా వినిపిస్తుంది.

ఇదే ముడిని మరో వైపు నుంచి చూస్తే అందం రెట్టింపవుతుంది. ఈసారి ఎక్స్ ఒక్కదాన్నే మూలబిందువు చుట్టూ ఒక చుట్టు తిప్పండి. ప్రతి ఎక్స్‌కూ వై విలువలు రెండు ఉంటాయి, ఎక్స్‌ను 3/2 ఘాతానికి ఎత్తితే వచ్చేది ఒకటి, దాని రుణరూపం మరొకటి. ఎక్స్ తిరుగుతుంటే ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మన ఊళ్లలో జడ కోలాటం ఆడేటప్పుడు ఆటగాళ్ల అడుగులకు తగ్గట్టు పైనుంచి వేలాడే తాళ్లు జడగా అల్లుకుపోతాయి కదా, అచ్చం అలాగే ఈ ఇద్దరు నర్తకుల వెనక రెండు పాయల జడ అల్లుకుంటుంది. ఎక్స్ ఒక్క చుట్టు పూర్తిచేసేలోగా వాళ్లు మూడు అరచుట్లు వేసి, ఒకరి చోట ఒకరు నిలబడతారు. మూడు అల్లికల ఆ జడ కొసలను కలిపితే మళ్లీ అదే ట్రెఫాయిల్! పైన ఉన్న 3, కింద ఉన్న 2. మామూలు భిన్నం అనుకున్నది జడకు లక్షణమైపోయింది.

భిన్న ఘాతాలతో వక్రాన్ని విప్పి చెప్పే విద్య పాతదే. 1676లో న్యూటన్ ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన ఉత్తరాల్లోనే దాని బీజం ఉంది. 1850లో విక్టర్ ప్విజో దాన్ని సంకీర్ణ సంఖ్యల లోకంలో నిండుగా పండించాడు. ఆ భిన్నాలు ముళ్లుగా కనిపించడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. వియన్నా గణితవేత్త విల్‌హెల్మ్ విర్టింగర్ 1905లో మెరాన్ సభలో ఈ దారిని తెరిచాడు. ఆ బాటలో నడిచిన కార్ల్ బ్రావునర్ 1928లో ముళ్లను పూర్తిగా వర్ణించాడు. అదే ఏడాది అట్లాంటిక్ అవతల జేమ్స్ అలెగ్జాండర్ ముడికి ఒక బహుపదిని కట్టే పద్ధతి ప్రకటించడం నాకు ముచ్చటగొలిపే యోగం! 1929లో ఎరిక్ కేలర్ గోళం బదులు పెట్టెలాంటి హద్దును తీసుకుని లెక్కను తేలిక చేశాడు. 1932లో వెర్నర్ బురావు, ఆస్కర్ జరిస్కీ ఎవరి దారిన వారు ఆ అలెగ్జాండర్ బహుపదినే పట్టుకుని చివరి మాట చెప్పారు. ఒకే శాఖ ఉన్న వక్రానికి ఆ భిన్నాల్లో కీలకమైనవి, అంటే ప్విజో లక్షణ ఘాతాలు, తెలిస్తే ముడి తెలుస్తుంది, ముడి తెలిస్తే ఘాతాలు తెలుస్తాయి. నడుమ ఏదీ జారిపోదు.

ఇక్కడితో ఆగితే విందులో తొలి వడ్డన దగ్గరే లేచిపోయినట్టు. వైకి ఎక్స్ 3/2 ఘాతం ఒక్కటే కాకుండా దాని పక్కన ఎక్స్ 7/4 ఘాతాన్ని కూడా చేర్చండి. సమీకరణంగా రాస్తే (వై² − ఎక్స్³)² = 4ఎక్స్⁵వై + ఎక్స్⁷. చూపుకు కాస్త బెరుకు పుట్టించే ఈ వాక్యం వెనక ఎంత సుకుమారమైన కదలిక ఉందో! మొదటి ఘాతం ట్రెఫాయిల్ అల్లుతుంది. రెండో ఘాతం దాన్ని చెరపదు. ఆ ట్రెఫాయిల్ చుట్టూ సన్నని గొట్టం పరిచి, ఆ గొట్టం మీద కొత్త దారాన్ని రెండు పాయలుగా నడుపుతుంది. ముడి మీద ముడి. పెద్ద కదలికలో చిన్న కదలిక, గమకంలో గమకం! మూడో ఘాతం వస్తే దాని మీద మరో ముడి. బిందువుకు ఎంత దగ్గరగా చెవి పెడితే అంత లోపలి అల్లిక వినిపిస్తుంది.

ఈ వక్రం మీదే కాసేపు నిలవండి. ఎక్స్‌ను టి⁴ అనుకుంటే వై టి⁶ + టి⁷ అవుతుంది. ఇప్పుడు ఏ బహుపదినైనా ఈ వక్రం మీదికి తెచ్చి, అది టి ఎన్నో ఘాతంతో మొదలవుతుందో చూడండి. ఎక్స్ 4 ఇస్తుంది, వై 6 ఇస్తుంది. గుణించుకుంటూ పోతే 8, 10, 12, అన్నీ సరిసంఖ్యలే. ఇక బేసిసంఖ్యకు చోటే లేదనిపిస్తున్న వేళ వై² − ఎక్స్³ను తీసుకోండి. రెండింటిలోనూ ఉన్న టి¹² ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ నిశ్శబ్దం అడుగునుంచి 2టి¹³ పైకి తేలుతుంది. పదమూడు! సరిసంఖ్యల బారులోంచి ఆ ఒంటరి బేసి సంఖ్య తలెత్తే క్షణం ఈ శాస్త్రంలో నాకు అన్నింటికన్నా ప్రియమైన క్షణం. ఎందుకంటే అదే పదమూడు ముడిలోనూ ఉంది. గొట్టం మీది కొత్త దారం లోపలి ట్రెఫాయిల్‌తో ఎన్నిసార్లు పెనవేసుకుందో లెక్కపెట్టండి, సరిగ్గా పదమూడుసార్లు! రెండు వక్రాలు ఒక బిందువు దగ్గర ఎంత గాఢంగా కలుస్తాయో బీజగణితం చెప్పే సంఖ్య, వాటి దారాలు ఎంతగా పెనవేసుకున్నాయో టోపాలజీ చెప్పే సంఖ్య, రెండూ ఎప్పుడూ ఒకటే.

4, 6, 13. వీటిని ఎలా కూడినా వచ్చే సంఖ్యలను వరసగా పేర్చండి: 0, 4, 6, 8, 10, 12, 13, 14, ఆపైన 16 నుంచి అన్నీ. రాని సంఖ్యలు 1, 2, 3, 5, 7, 9, 11, 15. వచ్చినవి పదిహేను లోపు ఎనిమిది, రానివీ ఎనిమిదే. ఇప్పుడు ప్రతి వచ్చిన సంఖ్యనూ 15లోంచి తీసేయండి. 0కి 15, 4కి 11, 6కి 9, 8కి 7, 10కి 5, 12కి 3, 13కి 2, 14కి 1. ఒక్కటీ తప్పలేదు! ఉన్నవాటి నీడలే లేనివి. స్వరానికీ విరామానికీ ఇంత కచ్చితమైన జోడీ కుదిరిన వరసను మనిషి కూర్చాలంటే ఎంత సాధన కావాలి! ఇది ఒక సమీకరణం కడుపులోంచి దానంతటదే పుట్టింది. తల వక్రాల శాఖలన్నింటికీ ఈ సమతూకం ఉంటుందని 1946లో రోజే అపెరీ చూపించాడు. జీటా విలువల్లో ఒకటైన జీటా 3 కరణీయమని 1978లో లోకాన్ని నివ్వెరపరచిన అపెరీ ఆయనే. ఆ కీర్తి పక్కన ఈ పాత కానుక మరుగున పడిపోవడం నాకు బాధే.

ఇక ఆ వరసకూ అలెగ్జాండర్ బహుపదికీ ఉన్న చుట్టరికం వినండి. ట్రెఫాయిల్ బహుపది 1 − టి + టి². దాన్ని 1 − టితో భాగించండి. వచ్చేది 1 + టి² + టి³ + టి⁴ + … అలా సాగిపోతుంది. టి మొదటి ఘాతం ఒక్కటే లేదు. వై² = ఎక్స్³ వరసలో ఉన్నవి 0, 2, 3, 4, …; లేనిది 1 ఒక్కటే! ముడిని దారంగా పట్టుకుని కట్టిన బహుపది, వక్రం మీద ప్రమేయాలు ఎలా మొదలవుతాయో లెక్కపెట్టిన జాబితా, ఈ రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం. 4, 6, 13 వరస మీదా ఇదే జరుగుతుంది. అక్కడ బహుపది పదహారో ఘాతం దాకా పోతుంది. శాఖలు ఎన్ని ఉన్నా నిలిచే రూపంలో ఈ సత్యాన్ని కంపిల్యో, డెల్గాడో, గుసైన్-జాదే 2003లో ప్రకటించారు. రుజువులు చాలా చదివాను, చాలావాటికి తలవంచాను. ఈ సూత్రం ముందు మాత్రం కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది.

జాన్ మిల్నర్ 1968లో వెలువరించిన పలుచని పుస్తకం ఇదే లోకానికి మరో కిటికీ. ముడి చుట్టూ ఉన్న ఆవరణమంతా పొరలు పొరలుగా విచ్చుకుంటుందనీ, ఒక్కో కోణానికి ఒక్కో పొర చొప్పున అన్ని పొరల అంచూ ఆ ముడేననీ అందులో చూపించాడు. ట్రెఫాయిల్ విషయంలో ఆ పొర ఒక చిల్లున్న టోరస్. కోణం ఒక చుట్టు తిరిగితే పొర మళ్లీ తన చోటికే వస్తుంది గాని దాని మీది బిందువులు చోటు మారిపోతాయి. ఎలా మారతాయో చూడటానికి వై² − ఎక్స్³ = 1 చాలు. ఎక్స్‌ను ఒకటి ఘనమూలంతో గుణించండి, వైకి గుర్తు మార్చండి, సమీకరణం చెక్కుచెదరదు. ఒక తిప్పుకు జరిగే మార్పు అంతే. మూడు తిప్పులకు ఎక్స్ ఇంటికొస్తుంది, రెండు తిప్పులకు వై ఇంటికొస్తుంది, ఆరు తిప్పులకు అందరూ ఇంటికొస్తారు! అలెగ్జాండర్ బహుపది మూలాలు అడగండి, ఒకటికి ఆరో మూలాలే చేతికొస్తాయి. ఎటు తవ్వినా 2, 3, 6.

ఆ పొరలో ఎన్ని స్వతంత్రమైన చుట్లున్నాయో చెప్పేదే మ్యూ, మిల్నర్ సంఖ్య. వై² = ఎక్స్³కి అది 2. మన రెండో వక్రానికి 16, అంటే వరసలో లేని ఎనిమిదికి రెట్టింపు. ఆ ఎనిమిదికి ఇంకో అర్థమూ ఉంది. ఆ ముడిని పూర్తిగా విప్పాలంటే దారాన్ని దారంలోంచి దాటించక తప్పని సార్లు కూడా ఎనిమిదే. మిల్నర్ ఊహించిన ఈ మాటకు దారి వేసిన రుజువును క్రాన్‌హైమర్, మ్రోవ్కా 1993లో గేజ్ సిద్ధాంతం లోతుల్లోంచి తెచ్చారు. లేని సంఖ్యల లెక్క, విప్పే చేతి లెక్క ఒకటైపోయాయి!

మ్యూ అంటే నాకు ప్రేమే గాని అది ఒంటరిగా ఉన్నప్పుడు మరపు మనిషి. వై² = ఎక్స్⁷కీ, వై³ = ఎక్స్⁴కీ మ్యూ 6 అనే చెబుతుంది. ఇద్దరి పొరలూ మూడు పిడులున్న ఆకారాలే, అంచులు ఒక్కొక్కటే. అయినా ముళ్లు వేరు. ఒకదాని వరసలో 1, 3, 5 లేవు, రెండోదాని వరసలో 1, 2, 5 లేవు. ఒకటి పద్నాలుగు తిప్పులకు ఇల్లు చేరుతుంది, మరొకటి పన్నెండింటికి. ఇంత తేడాను మ్యూ పట్టించుకోదు. అదే మ్యూను ఒక కుటుంబంలో కూర్చోబెట్టి చూడండి! వక్రాన్ని మెల్లమెల్లగా మారుస్తూ పోతున్నప్పుడు మ్యూ మారకపోతే ముడి కూడా మారదు. ఒంటరిగా మరిచిపోయేది, నలుగురిలో ఉంటే అందరినీ కాపాడుతుంది. ఈ సిద్ధాంతం లె జుంగ్ త్రాంగ్, సి. పి. రామానుజం ఇద్దరిదీ. మద్రాసులో పుట్టి, టాటా పరిశోధన సంస్థలో వికసించిన రామానుజం 1974లో బెంగళూరులో ముప్పై ఆరేళ్లకే కన్నుమూశాడు. వ్యాసం 1976లో అచ్చయింది. అందులోని ప్రతి పంక్తినీ నేను ఆ తేదీలు గుర్తుంచుకునే చదువుతాను.

4, 6, 13లో మొదటి అంకెను మళ్లీ చూడండి. అది వక్రం బహుత్వం, ఆ బిందువు గుండా మామూలుగా పోయే రేఖ అక్కడ వక్రాన్ని ఎన్నిసార్లు కలుస్తుందో చెప్పే సంఖ్య. ముడి తెలిస్తే వరస తెలుస్తుంది, వరస తెలిస్తే బహుత్వం దాని ముఖద్వారంలోనే నిలబడి ఉంటుంది. వక్రాలకు ఇంత సులువుగా దొరికే ఈ సంఖ్య, మరిన్ని చరరాశులున్న సమీకరణాల్లో కూడా టోపాలజీకి కట్టుబడే ఉంటుందా అని జరిస్కీ 1971లో అడిగాడు. మ్యూ మారని కుటుంబాల్లో ఉంటుందని ఫెర్నాండెస్ దె బొబడీయ, పెల్క ఇచ్చిన రుజువు 2024లో అచ్చయింది. అది సింప్లెక్టిక్ జ్యామితి నుంచి వచ్చింది, వక్రాల నాటి పనిముట్లతో అయింది కాదు. ఏ కుటుంబానికీ చెందకుండా ఎక్కడెక్కడో పుట్టిన రెండు బిందువులకు ఒకే టోపాలజీ ఉంటే వాటి బహుత్వమూ ఒకటేనా? ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.